పదిమంది చూచిన బాధకు బాధ్యులెవరు?

“పదిమందిలో పాము చావదు” అని మన పెద్దలు చెప్పుదురు. చూచినవారు పదిమంది, కఱ్ఱ పట్టుకొన్నవాడు పక్కవాడు కొట్టునని ఆగును, పక్కవాడు తన వెనుకవాని వంక చూచును, అందఱును చూచుచుండగనే పాము పుట్టలోనికి పోవును. ఈ సామెతను మనము సంఘముల పని సాగకపోవుటను గూర్చి నవ్వుటాలకు వాడుచుందుము. కాని దీనిలో ఒక గట్టి ధర్మసందేహము ఇమిడియున్నది. ఒంటరిగా చూచినవాడు కొట్టియే తీరును. పదిమంది చూచినందున ఒక్కొక్కని కర్తవ్యము పదవ వంతునకు తగ్గినదా? లేక పదిమందికిని పూర్తిగానే మిగిలియున్నదా?

అప్పును పదిమంది పంచుకొన్నచో ఒక్కొక్కని భాగము తగ్గును. పొలమును పంచుకొన్నను అంతే. పంచుకొన్నది తగ్గుననుట మన మనస్సునకు అలవాటైన లెక్క. ఈ లెక్కను మనము పసిపిల్లల క్షేమమునకును, తమను తాము కాచుకొనలేని వృద్ధుల, వికలాంగుల, మతి స్థిమితము తప్పినవారి క్షేమమునకును తెలియకయే అన్వయించుచున్నాము. “ఊరంతటికి తెలిసిన సంగతియే గదా, నేనొక్కడనే ఏల చెప్పవలెను?” అను మాట ఆ లెక్కనుండి పుట్టినదే. ఆ లెక్క ఇచ్చట చెల్లదని నా అభిప్రాయము. ఏల చెల్లదో విచారింతము.

ఒక పల్లెను ఊహింతము. జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములనుండి చెఱకు నఱకు కాలమున కూలి కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి వలసపోవుట పాఠకులెఱిగినదే. అట్లు పోయిన దంపతులు, చదువు చెడకుండుటకై తమ పదకొండేండ్ల కుమార్తెను మేనమామ ఇంట ఉంచిరనుకొందము. ఆ పిల్ల నెలకు ఏడెనిమిది దినములు బడికి రాదు. వచ్చిననాడు మధ్యాహ్నము కాకముందే బల్లమీద తలవాల్చి నిద్రించును. ఉపాధ్యాయుడు హాజరుపట్టీలో గైర్హాజరు గుర్తు వేయును. అందులకు ఒక గడి కలదు. నిద్రకు గడి లేదు. ఇనుము మాత్రలు ఇయ్యవచ్చిన ఏ.ఎన్.ఎమ్. ఆ పిల్ల ముంజేతిపై వాతను చూచి అడుగును. పొయ్యి తగిలినదని ఇంటివారు చెప్పుదురు. పొయ్యి తగులుట లోకమున లేనిది కాదు గనుక ఆమె పైయింటికి పోవును. రాత్రి పది గంటలకు ఆ పిల్ల బీడీలకు, సీసాకు వచ్చుట కిరాణా దుకాణదారు ఎఱుగును. గోడ అవతలివారు అపుడపుడు ఏడ్పు విందురు. భిక్షకై వాకిట నిలిచిన జంగమయ్య, నవ్వుచు మాటలాడుచున్న పిల్ల మేనమామ అడుగుల చప్పుడు వినినంతనే నవ్వు మానివేయుటను గమనించును.

ఇపుడు ఆలోచింపుడు. ఈ ఐదుగురిలో అబద్ధమాడినవాడు లేడు. ఆ పిల్లపై చేయి చేసికొన్నవాడు లేడు. ఒక్కొక్కరికి తెలిసినది వేఱుగా చూచినచో మిక్కిలి స్వల్పము. దానికొక సామాన్యమైన కారణము చెప్పవచ్చును. బడికి రానిచో ఇంట పని యుండవచ్చును. వాత పొయ్యిదే కావచ్చును. కాని ఐదు సంగతులను ఒక చాపమీద పఱచి చూచినచో, చూచినవాడు ఆ రాత్రి నిద్రపోలేడు. దుఃఖమేమనగా ఆ చాప పఱచువాడు ఊరిలో లేడు. కీడు ఆ ఇంటిలో ఒక్కనిచేత జరుగుచున్నది. అది సాగుటకు చాలిన చీకటి మాత్రము ఐదుగురు మంచివారి నడుమనున్న ఖాళీలనుండి వచ్చుచున్నది.

ఇది కల్పన. కల్పన కానిది ఇంతకంటె కఠినమైనది ఒకటి కలదు. అది సముద్రముల కావల లండను నగరమున జరిగినది. ఆఫ్రికాలోని ఐవరీ కోస్టు దేశపు తల్లిదండ్రులు, మంచి చదువు అబ్బునను ఆశతో తమ బిడ్డను తండ్రికి మేనత్త వరుసైన యామె చేతిలో పెట్టి పంపిరి. ఆ బిడ్డ పేరు విక్టోరియా క్లింబీ. 1999 ఏప్రిలులో ఆమె లండను చేరెను. 2000 ఫిబ్రవరి 25న, తన ఎనిమిదవ యేట, ఆసుపత్రిలో మరణించెను. శరీరముపై 128 గాయములు కనబడెను. చలికాలపు రాత్రులలో ఆ బిడ్డను కట్టివైచి స్నానపు తొట్టిలో పరుండబెట్టియుండిరి. ఆ మేనత్తకును ఆమెతో నివసించిన వానికిని 2001లో యావజ్జీవ శిక్ష పడెను.

దుర్మార్గులకు శిక్ష పడినది గనుక కథ ముగిసినదని ఆ దేశమువారు ఊరకుండలేదు. లార్డ్ లామింగ్ అను పెద్దమనిషి అధ్యక్షతన విచారణ జరిపించిరి. 2003 జనవరిలో వెలువడిన ఆ నివేదిక చదువువారికి కలుగు ఆశ్చర్యము దుర్మార్గుల క్రౌర్యమును గూర్చినది కాదు. ఆ పది నెలలలో ఆ బిడ్డను ఎఱిగిన సంస్థల సంఖ్యను గూర్చినది. నాలుగు స్థానిక ప్రభుత్వముల సాంఘిక సేవాశాఖలు, రెండు ఆసుపత్రులు, పోలీసువారి రెండు బాలరక్షణ దళములు, బాలల రక్షణకే పుట్టిన ఒక స్వచ్ఛంద సంస్థ, ఇందఱికిని ఆమె తెలియును. ఆమెను కాపాడుటకు పండ్రెండు అవకాశములు వచ్చి పోయినవని లామింగ్ లెక్కించెను. ఒక ఆసుపత్రిలో గాయములను గజ్జిగా నిర్ణయించిరి. ఆ మాట విని పోలీసులు తమ రక్షణను ఎత్తివేసిరి. ప్రార్థనామందిరములకు తీసికొనిపోగా, పిల్లకు దుష్టశక్తి పట్టినదని తలచిన బోధకుడును ఉండెను. మొదటిసారి ఆమెను ఆసుపత్రికి చేర్చినది ఎవరనుకొందురు? ఏ ఉద్యోగియు కాదు. పగటిపూట ఆ పిల్లను చూచుకొనుచుండిన ఒక ఇల్లాలి కూతురు. గాయములను చూచి ఊరకుండలేక పోయినది. ఆమెకు జీతము లేదు, అధికారము లేదు. తన భాగము తాను పూర్తిగా చేసెను. తరువాతి గొలుసు తెగెను.

అంతకు ఇరువదియేడేండ్ల ముందే, 1973 జనవరిలో, అదే దేశమున బ్రైటన్ పట్టణమున మరియా కోల్‌వెల్ అను ఏడేండ్ల బాలిక సవతితండ్రి చేతిలో మరణించియుండెను. ఆ సంగతిలో ఇరుగుపొరుగువారు పలుమార్లు అధికారులకు చెప్పిరి, బడివారును చెప్పిరి. అయినను చెప్పినదానిని కూర్చువాడు లేకపోయెను. విచారణ జరిగినది, సంఘములు ఏర్పడినవి, కాగితములు పెరిగినవి, విక్టోరియా మరణించినది. కావున కమిటీ వేసినంతమాత్రాన పిల్లలు బ్రతుకుదురని నేను చెప్పబోను.

లామింగ్ నివేదిక తరువాత 2004లో వచ్చిన బాలల చట్టము ప్రతి ప్రాంతమునకు ఒక బాలల రక్షణమండలిని నియమించెను. 2017లో ఆ పద్ధతిని మార్చి స్థానిక ప్రభుత్వము, ఆరోగ్య సంస్థ, పోలీసుశాఖ అను మూడింటిని రక్షణ భాగస్వాములుగా చట్టము నిర్దేశించెను. ఈ మార్పును అమలుపఱచుటకై ప్రభుత్వమిచ్చిన మార్గదర్శకములలో ఒక మాట నన్ను ఆకర్షించినది. ఆ ముగ్గురి బాధ్యత ఉమ్మడిది, సమానమైనది అని అందులో చెప్పిరి. అనగా మూడవ వంతు చొప్పున పంచినది కాదు. ఆస్పత్రివారు మా వంతు చేసితిమని తప్పుకొన వీలులేదు. పోలీసులు మాకు ఎవరును చెప్పలేదని చేతులు కడుగుకొన వీలులేదు. మొదట నేను అడిగిన ప్రశ్నకు ఒక దేశపు ప్రభుత్వము నలువదియేండ్లకు పైబడిన దుఃఖము తరువాత ఇచ్చిన సమాధానమిది: పంచుకొన్నను తగ్గని బాధ్యతయు కలదు.

ఇట్టి బాధ్యత ఏల తగ్గదు? నాకు తోచిన కారణమిది. అప్పు తీర్చుటలో నా రూపాయికి, నీ రూపాయికి భేదము లేదు; నేను ఇయ్యనిచో నీవు రెండు ఇచ్చి తీర్పవచ్చును. కాని జంగమయ్య చూచిన ఆ ఆగిన నవ్వును దుకాణదారు చూడలేదు. దుకాణదారునికి తెలిసిన రాత్రి పది గంటలు ఏ.ఎన్.ఎమ్.కు తెలియదు. నా భాగము నాయొద్ద తప్ప మఱెక్కడను లేదు. నేను ఇయ్యనిచో దానిని ఇయ్యగలవాడు లోకమున ఇంకొకడు లేడు. కావున మొత్తమును తేల్చు భారము నాపై లేకున్నను, నేను చూచినదానిని చేర్చవలసినచోట చేర్చు భారము ముమ్మాటికి నాదే. తీర్పు చెప్పుట వేఱు, సాక్ష్యమును అందించుట వేఱు. ఈ రెంటిని కలిపివేసికొనుటచేతనే సజ్జనులు మౌనము వహింతురు. “నాకు రుజువు లేదు” అందురు. రుజువు నిన్ను ఎవరును అడుగలేదు నాయనా!

మన దేశపు చట్టమును చూడుడు. లైంగిక నేరములనుండి బాలలను రక్షించు 2012 నాటి పోక్సో చట్టము, నేరము జరిగినదని తెలిసినవాడే కాక, జరుగునేమోనని శంక కలవాడును పోలీసులకు తెలుపవలెనని 19వ విభాగమున శాసించుచున్నది. శంక చాలును. సద్బుద్ధితో తెలిపినవానిపై సివిలు గాని క్రిమినలు గాని బాధ్యత రాదని అదే విభాగము అభయమిచ్చుచున్నది. తెలుపనివానికి ఆఱు నెలల వఱకు శిక్ష కలదు. పగబట్టి అబద్ధపు ఫిర్యాదు చేసిన పెద్దవానికిని శిక్ష కలదు. తెలియక పొరబడినవానికి, పగతో కల్పించినవానికి నడుమ చట్టము గీచిన గీత ఇంత స్పష్టముగా నుండగా, మనము మాత్రము అపవాదు భయమును చూపి మౌనమును వివేకమని పిలుచుచున్నాము.

ఇక అసలు అడ్డంకి చట్టము తెలియకపోవుట కాదు. అది మానము. “ఇల్లు గుట్టు, రోగము రట్టు” అను సామెతలో మన పెద్దలు రెండు వస్తువులను వేఱు చేసిరి. ఇంటిలోని ఆస్తి, అలుకలు, వియ్యపు మాటలు గుట్టుగా నుంచవలసినవి. రోగమును మాత్రము దాచరాదు; దాచినచో ముదురును, తెలిసినవానికి చెప్పినచో మందు దొరకును. ఇంటిలో పసిబిడ్డ పడు బాధ ఈ రెంటిలో ఏ కోవకు చెందును? మనలో చాలమంది ప్రశ్న వేసికొనకయే దానిని గుట్టులో చేర్చుచున్నారు. అది రోగము. సందేహము లేదు. 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ పదమూడు రాష్ట్రములలో 12,447 మంది పిల్లలనడిగి ఒక అధ్యయనమును ప్రకటించెను. ఆ రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశమును ఉండెను. ఏదో ఒక రూపమున లైంగిక వేధింపునకు లోనైతిమని చెప్పినవారు నూటికి 53 మందికి పైగా నుండిరి. హింసించినవారిలో సుమారు సగము మంది పిల్లలు ఎఱిగినవారే, నమ్మకముంచినవారే. పిల్లలలో ఎక్కువమంది ఎవరికిని చెప్పుకొనలేదు. చెప్పుకొనక పోవుటకు కారణము వెదకుటకు దూరము పోనక్కఱలేదు. “మామను అట్లనవచ్చునా?” అని మనము ఒకసారి గద్దించియుందుము.

గుట్టును రచ్చబండపై విప్పుమని నేననుట లేదు. ఈ భేదమును గట్టిగా పట్టుకొనవలెను. నీళ్ల పంపువద్ద నలుగురు ఆడువారు గుసగుసలాడినచో అది పుకారు. ఆ పిల్లకు దానివలన రెండవ గాయము తగులును. అదే మాటను అధికారము కలవానితో, మేలు కోరి, ఒక్కసారి చెప్పినచో అది రక్షణ. బాధిత బాలల పేరును గాని గుర్తును గాని బయటపెట్టుట చట్టరీత్యా నేరము. విచిత్రమేమనగా మన ఊళ్లలో ఈ రెండును తలక్రిందులై యున్నవి. పంపువద్ద అందఱును చెప్పుకొందురు. చెప్పవలసినచోట ఎవరును నోరు విప్పరు.

చెప్పవలసిన చోటులు లేవనరాదు. 1996లో ముంబాయిలో మొదలైన 1098 అను ఫోను సంఖ్య నేడు ప్రభుత్వ నిర్వహణలో 112తో జోడింపబడి పనిచేయుచున్నది. ఖర్చు లేదు, పిల్లలే స్వయముగా చేయవచ్చును. 2015 నాటి బాలల న్యాయచట్టము ప్రకారము జిల్లాలలో బాలల సంక్షేమ సమితులు కలవు. అధ్యక్షునితో కలిపి ఐదుగురు, అందొక స్త్రీయైనను ఉండవలెను. పేర్లు వల్లెవేయుట నా ఉద్దేశము కాదు. వీటన్నిటికంటె మనకు దగ్గఱిది గ్రామ బాలల పరిరక్షణ కమిటీ. 2009లో వచ్చిన సమగ్ర బాలల పరిరక్షణ పథకము దానిని విధించెను; ఆ పథకమే నేడు మిషన్ వాత్సల్యగా మాఱినది. పంచాయతీ పెద్ద అధ్యక్షుడు. అంగన్‌వాడీ కార్యకర్త, ఏ.ఎన్.ఎమ్., ఉపాధ్యాయుడు, ఊరి పెద్దమనుషులు, జిల్లా బాలల పరిరక్షణ విభాగపు ప్రతినిధి సభ్యులు. వీరితోబాటు ఇద్దఱు బాలలు. నేను పైన కల్పించిన పల్లెలోని ఐదుగురిలో ఇద్దఱు పదవిరీత్యా ఈ కమిటీలో సభ్యులగుదురని పాఠకులు గమనించియుందురు. నేను కోరిన చాప ఇదియే. కొన్ని ఊళ్లలో ఈ చాప చుట్టచుట్టి అటకపై నున్నది. రిజిస్టరులో సంతకములు, ప్లేటులో బిస్కత్తులు, అంతటితో సమావేశము సమాప్తము. తప్పు పథకముది కాదు.

ఆ ఇద్దఱు బాలల సంగతి యోచింపదగినది. పెద్దల సభలో పిల్లలకు పని ఏమని కొందఱు ఆక్షేపింతురు. నా వృత్తిలో నేను చూచినది చెప్పుదును. ఏ పిల్ల ఎవరిని చూచి భయపడునో, ఎవడు ఏ తోవ మాని చుట్టు తిరిగి ఇంటికి పోవునో తరగతిలోని పిల్లలకు ఉపాధ్యాయునికంటె ముందు తెలియును. వారు చెప్పరు, అడిగినవారు లేక చెప్పరు. బెత్తము లేనిదే విద్య రాదను వారు ఇంకను మనలో కలరు. 2009 విద్యాహక్కు చట్టము బడిలో శారీరక దండనను నిషేధించినది సరే. అది అటుండగా, బెత్తమునకు వెఱచిన పిల్ల ఆ బెత్తము పట్టిన చేతికి తన రహస్యమును అప్పగించునా?

ఊరు కూడినచో ఏమగునో మన తెలంగాణమే చూపినది. మామిడిపూడి వెంకటరంగయ్య స్మారకముగా 1981లో ఏర్పడిన సంస్థ 1991నుండి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడికి మరల్చు పని చేపట్టెను. ప్రొఫెసరు శాంతా సిన్హా దానికి నాయకురాలు; ఆమెకు 2003లో రామన్ మెగసేసే పురస్కారము వచ్చెను. బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే అను ఒక్క సూత్రమును వారు పట్టుకొనిరి. నేను దీనిలో గొప్పదిగా ఎంచునది వారు ఎవరిని కలుపుకొనిరనునది. తల్లిదండ్రులు, యువకులు, ఉపాధ్యాయులు, పంచాయతీ సభ్యులు సరే. పిల్లలను పనిలో పెట్టుకొన్న యజమానులను సయితము శత్రువులనక పిలిచి కూర్చుండబెట్టిరి. బాలల హక్కుల పరిరక్షణ వేదికలు గ్రామగ్రామమున అట్లు పుట్టినవి. పశువుల కాపరిగా నున్న బాలుడు బడికి పోవుటకు ఎందఱు ఒప్పుకొనవలెనో లెక్కించి చూడుడు: తండ్రి, అప్పిచ్చిన ఆసామి, వయస్సు మించినవానిని చేర్చుకొనవలసిన ప్రధానోపాధ్యాయుడు, వెక్కిరింపక పక్కన చోటిచ్చు తోటి పిల్లలు. ఒక్కరు కాదన్నను వాడు మరల పశువుల వెంటనే.

ఇపుడు మన మఠములను గూర్చి మాటలాడక తప్పదు. ఈ పత్రిక మఠములకు పోవును గనుక వినయముతో వ్రాయుచున్నాను. అన్నము పెట్టి చదువు చెప్పుట మన మఠములకు తరతరాల కీర్తి. తుమకూరు సిద్ధగంగా మఠమున, 2019లో లింగైక్యులైన శివకుమార మహాస్వామివారి కాలమున, వేలాది బాలురు కులమత భేదము లేక ఉచితముగా భుజించి చదువుకొనిరని లోకమెఱుగును. మన చిన్న ఊళ్ల మఠములలోను పదిమందియో ఇరువదిమందియో పేదపిల్లలు ఉందురు. ఇచ్చట పిల్లవాడు రాత్రింబవళ్లు ఉండును. తల్లి దూరమున నుండును. అన్నము పెట్టు చేయియు, విద్య చెప్పు చేయియు, పాదపూజ అందుకొను పాదమును ఒక్కచోటనే యుండును. ఇంత అధికారము ఒకచోట కూడినపుడు అచ్చటివారందఱు పుణ్యాత్ములేయైనను కట్టుబాట్లు ఉండవలెను. కట్టుబాటు అనుమానము కాదు. మఠపు లెక్కలు చూపుట కోశాధికారి దొంగయని కాదు గదా!

కావున ఆదరణ, రక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకొను సంస్థ ఏదైనను బాలల న్యాయచట్టము క్రింద నమోదు కావలెననుటను మన మఠములు భారముగా భావింపరాదు. జిల్లా అధికారి వచ్చి చూచుట అవమానము కాదు. రాత్రిపూట పిల్లల గదికి ఒంటరిగా పోవు హక్కు ఏ పెద్దకును, ఎంత పెద్దకైనను, ఉండరాదు. వారమునకొకసారి ఇంటికి ఫోను చేసికొనుటకు, పక్కన ఎవరును లేకుండ మాటలాడుకొనుటకు వీలు కల్పింపవలెను. పండుగ సెలవులు ముగిసి తిరిగి రానని మొండికేసిన పిల్లవానిని “ఇంటిమీద బెంగ” అని లాగి తెచ్చుటకు ముందు ఒక్క గడియ కూర్చుండి కారణమడుగవలెను. చాలమందికి అది బెంగయే. అందఱికి కాదు.

సంస్థ పరువు పోవునను వాదమును నేనెఱుగుదును. పోక్సో చట్టము దీనిని ముందే ఊహించినది కాబోలు. తన క్రింది ఉద్యోగి చేసిన నేరమును దాచిన సంస్థాధిపతికి సామాన్యునికి చెప్పిన ఆఱు నెలలు కాక ఏడాది వఱకు శిక్ష విధించినది. కాని నా సమాధానము చట్టముమీద ఆధారపడినది కాదు. బసవేశ్వరుని కాలమున కల్యాణమందలి అనుభవ మంటపమున చాకలియు, పడవ నడుపువాడును ప్రశ్న అడిగిరి. అడిగినందున ఆ సభ తేజస్సు తగ్గలేదు. పిల్లవాని ప్రశ్నకు నిలువలేని పరువును రక్షించుటకు పిల్లవానిని ఖర్చు చేయుట ఏ ఆచారమునకు లెక్క?

పెద్దల విషయము మఱింత చిక్కైనది. పిల్లవాని విషయమున వాని అంగీకారముకొఱకు మనము వేచియుండము, వేచియుండరాదు. కాని డెబ్బదేండ్ల వృద్ధురాలు పసిబిడ్డ కాదు. కొడుకు కొట్టుచున్నాడని మనకు తెలిసి, పోయి అడిగినపుడు “పోనిండు నాయనా, నా కొడుకే గదా” అని ఆమె అన్నచో మనమేమి చేయవలెను? ఆమె మాటను త్రోసి అధికారులను తెచ్చినచో రక్షణ పేరిట ఆమె స్వేచ్ఛను మనమే హరించినవారమగుదుము. మాట విని తిరిగివచ్చినచో వారము తరువాత ఏమగునో! ఇంగ్లండులో 2014 నాటి సంరక్షణ చట్టము పెద్దలకును రక్షణమండలులను ఏర్పఱచినది. కాని అక్కడివారు అంగీకరించిన ఆఱు సూత్రములలో మొదటిది రక్షణ కాదు, ఆ మనిషి తన నిర్ణయము తాను చేసికొనుటకు బలమిచ్చుట. ఈ క్రమము నాకు సమ్మతము. ఆమె బుద్ధి స్థిరముగా నుండి, భయము లేక చెప్పినచో ఆ మాటయే చెల్లవలెను.

భయము లేక చెప్పినదో లేదో తెలియుటెట్లు? చిక్కంతయు ఇచ్చటనే యున్నది. కొడుకు గడపలో నిలుచుండగా అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు ఆమె జవాబు కాదు. ఆమెను ఒంటరిగా, ఆమెకు నమ్మకమైన మనిషి అడుగవలెను. ఒక్కసారి కాదు, మఱునెలలోను అడుగవలెను. మార్గములున్నవని తెలిసి వద్దనుట వేఱు, మార్గమే లేదనుకొని వద్దనుట వేఱు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము క్రింద ఆర్.డి.ఓ. స్థాయి అధికారి ట్రిబ్యునలుగా కూర్చుండి నెలకు పదివేల రూపాయల వఱకు పోషణ ఇప్పింపగలడని ఆమెకు ఎవరు చెప్పిరి? చూచుకొందువను షరతుతో కొడుకునకు వ్రాసియిచ్చిన ఇంటిని, వాడు చూచుకొననపుడు రద్దు చేయించుకొనవచ్చునని 23వ విభాగము చెప్పుచున్నది. ఈ సంగతి మన ఇండ్లలో కొడుకులకు తెలియును, తల్లులకు తెలియదు. తానుగా దరఖాస్తు పెట్టలేనిచో ఆమె అనుమతితో వేఱొకరు పెట్టవచ్చును. వృద్ధులకై 14567 అను ఫోను కలదు. వికలాంగులు హింసకు లోనగుచున్నచో 2016 చట్టము 7వ విభాగము ప్రకారము ఎవరైనను ఎగ్జిక్యూటివు మేజిస్ట్రేటునకు తెలుపవచ్చును. వీథిలో తిరుగు మతి చెడినవారిని కాపాడి చికిత్సకు చేర్చు విధి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము పోలీసులపై మోపినది. మన ఊళ్లలో రాళ్లు రువ్వు పిల్లలకు ఈ సంగతి బడిలోనే చెప్పవలెను.

మార్గము తెలిసియు వృద్ధురాలు వద్దన్నచో? అపుడును ఊరు చేయగల పని మిగిలియున్నది. దానికి ఆమె సంతకము అక్కఱలేదు. ఇరుగుపొరుగు మానక పలుకరింపవచ్చును. మఠమువారు ప్రసాదము పేరిట దినమునకొకసారి ఆ వాకిలి త్రొక్కవచ్చును. తపాలా కార్యాలయమున పింఛను పంచు దినమున చూడుడు: గుర్తుపట్టుటకు వేలిముద్రయో ముఖమో ఆమెదే, యంత్రము ఒప్పుకొన్న మఱుక్షణమే పక్కనున్న కొడుకు చేయి చాచును, నోట్లు ఆ చేతిలో పడును. ఇచ్చువాడు ఆ చేతిని దాటించి ఆమె పిడికిట ఉంచి, “లెక్కపెట్టుకో అవ్వా, నేను నిలుచుందును” అని ఆమె లెక్కించునంతసేపు వరుసను ఆపవచ్చును.